ఏటియొడ్డు పల్లె: ఒక డచ్చి చిత్రకారుని రేఖాచిత్రములు

చిత్రమన్న నేదో యొక కథను చెప్పవలెననియు, ఆ కథలో దేవతయో, రాజో, వీరుడో, కాదేని యొక సుందరియో యుండవలెననియు మనలో పెక్కుమంది విద్యావంతులు నేటికిని తలచుచున్నారు. గోడను వ్రేలాడు పటమును చూచినతోడనే "ఇది యెవరు?" అని యడుగుట మన యలవాటు. "ఎవరును గారు, ఒక యేరు, ఒక యూరు" అని బదులు చెప్పినచో నడిగినవారి ముఖమున నిరుత్సాహము తోచును. మన యాలంకారికులు ప్రబంధమునకు విధించిన యష్టాదశవర్ణనములలో నగరమున్నది, సముద్రమున్నది, పర్వతమున్నది, మధుపానము సైతమున్నది, పల్లె లేదు. ఇట్టి సంస్కారముతో పెరిగిన కన్నులకు, పదునేడవ శతాబ్దమున హాలండుదేశపు చిత్రకారుడొకడు నల్లసుద్ద చేతబట్టి యేటియొడ్డు పల్లెలను వందలకొలదిగా వ్రాసెనన్న సంగతి వింతగా తోచుట సహజమే. ఆ చిత్రములను గూర్చి యిచట కొంత విచారింపబూనితిమి. వానియందు విషయమే లేదను నాక్షేపణ యొకటి. కన్నదానిని కన్నట్లు గీచుటలో కళ యేమున్నదను నాక్షేపణ రెండవది. ఈ రెంటికిని సమాధానము ఆ కాగితములలోనే కలదని మా యభిప్రాయము.

చిత్రకారుని పేరు యాన్ వాన్ గోయెన్. ఆతడు 1596 లో లైడెన్ నగరమున జన్మించి, 1656 లో హేగు నగరమున మృతినొందెను. సుమారు 1200 తైలచిత్రములును, 800 లకు మించిన రేఖాచిత్రములును ఆతనివిగా లెక్కింపబడినవి. తైలచిత్రములకే పేరెక్కువ, మాకు మాత్రము రేఖాచిత్రములయందే యాతని మనస్సు స్పష్టముగా కనబడుచున్నది.

ఆ కాగితములు చిన్నవి. 1650 తరువాతివానిలో పెక్కులు సుమారు 17 సెంటీమీటర్ల యెత్తును 27 సెంటీమీటర్ల వెడల్పును గలవి. రెండు చేతులతో పట్టుకొని పుస్తకమువలె చూడదగినవి. ముందు నల్లసుద్దతో గీచి, పిదప కుంచెతో బూడిదవన్నె నీటిపూత నక్కడక్కడ తాకించుట యాతని పద్ధతి. కాగితమును పైనుండి క్రిందికి మూడు పాళ్లు చేసినచో రెండు పాళ్లు ఆకాశమే. అందు నాలుగైదు మేఘముల జాడలు తప్ప తక్కినది ఉత్త కాగితము. ఆ క్రింద, మిక్కిలి దూరమున, వెండ్రుకవంటి గీత యొకటి. అది యావలి యొడ్డు. ఒక ప్రక్కనుండి నేల నీటిలోనికి చొచ్చుకొనివచ్చును. దానిపై గడ్డికప్పుల యిండ్లు, ఒక చర్చి గోపురము, గాలికి తలవంచిన చెట్లు, నీటిలోనికి దిగిన కొయ్యపలకల రేవు, రేవున పడవలు, పడవలో వలలాగు జాలరి, మూటలతో కూర్చున్న ప్రయాణికులు, ఒక్కొక్కప్పుడు పశువులును. ఎవ్వరికిని ముఖములు లేవు. రెండు మూడు గీతలు కలిసి మనుష్యుడగును. ఇంకొక గీత చేర్చిన నా మనుష్యుడు వంగి త్రాడు లాగును.

నీటిని వ్రాసిన తీరు ప్రత్యేకముగా గమనింపదగినది. అసలాతడు నీటిని వ్రాయడు. ముందున్న పడవక్రింద నొక నల్లని నీడను పెట్టును. దూరపు టొడ్డున నొక గీతను గీయును. ఆ రెంటినడుమ నున్న కాగితమును విడిచిపెట్టును. చూచువాని కన్నే యా తెల్లదనమును నీరుగా చేసికొనును. పైనున్న తెల్లదన మాకాశమగుటయు, క్రిందనున్న తెల్లదనము నది యగుటయు ఒక్క కాగితమున నెట్లు సంభవించెనని యెంత చూచినను తనివి తీరదు. 1630 ప్రాంతమున కాన్‌స్టంటైన్ హైగెన్స్ అను కవి, రాజకార్యదర్శి, తన జీవితమును గూర్చి లాటిను భాషలో వ్రాసికొనుచు, తన దేశపు ప్రకృతిచిత్రకారులను వాన్ గోయెన్‌తో గూడ పేర్కొని, వారి పనిలో సూర్యుని వెచ్చదనమును చల్లగాలి కదలికయు తప్ప మఱి లోపము లేదను భావమును తెలిపెను. ఆయన యీ చివరికాలపు రేఖాచిత్రములను చూచి వ్రాసినవాడు కాడు. చూచియున్నచో గాలి విషయమున తన మాటను కొంత సవరించుకొనియుండునేమో.

ఇట్టి చిత్రములు హాలండులోనే విరివిగా నేల పుట్టినవి? 1566 లో సంస్కరణోద్రేకమున జనులు చర్చిలలోని విగ్రహములను, పటములను పగులగొట్టిరి. స్పెయిను రాజుపై సాగిన పోరాటము 1648 లో గాని ముగియలేదు. క్రొత్తమతపు చర్చిలలో గోడలకు తెల్లసున్నమే యలంకారమయ్యెను. చిత్రకారునకు దేవాలయపు కొలువు పోయినది. రాజాస్థానమన్న నది చిన్నది. ఇక మిగిలినది యంగడి. బట్టల వర్తకుడు, రొట్టెలు కాల్చువాడు, ఓడలో భాగస్థుడు, వీరు తమ యిండ్ల గోడలకు చిన్న పటములను కొనసాగిరి. 1609 మొదలు 1621 వఱకు సంధి నడచుటచే పట్టణవాసులు కోటగుమ్మము దాటి నిర్భయముగా షికారు పోగలిగిరి. 1612 ప్రాంతమున క్లాస్ యాన్స్ విష్షర్ అను నాతడు హార్లెం నగర పరిసరములను రాగిరేకులమీద గీచి, రమణీయస్థలములను పేర నచ్చువేసి యమ్మెను. పలువురు గురువులయొద్ద తిరిగిన వాన్ గోయెన్ తుదకు హార్లెంలోనే ఎసాయాస్ వాన్ డె వెల్డె యొద్ద శిష్యుడై, తన దేశపు నేలను చూచు చూపును నేర్చుకొనెను.

విగ్రహములను తీసివేసిన సంస్కరణము చిత్రకళను చంపునని యానాడు భయపడినవారుందురు. అది కళను చంపలేదు. దాని కన్నులను వేఱువైపునకు త్రిప్పినది. ఇట్లనుటచే నష్టము లేదని మా భావము కాదు. గొడ్డళ్లపాలైన ప్రాచీన శిల్పములు మరల రావు. కాని పీఠము ఖాళీ యైనప్పుడు దానిపై మఱియొక ఘనుని కూర్చుండబెట్టక, పీఠమునే విడిచి రేవునకు పోయిన చిత్రకారుల బుద్ధి మెచ్చదగినది.

ఇక కన్నదానిని కన్నట్లు గీచుటయేనా యను ప్రశ్న. వాన్ గోయెన్ దేశసంచారి. చిన్న చేతిపుస్తకమును వెంటబెట్టుకొని పడవలమీద, కాలినడకను తిరిగి, కనబడినదానినెల్ల సుద్దతో రెండు నిమిషములలో గీచుకొనుచుండెను. 1650 లో రైను నది వెంబడి క్లీవ్స్ వఱకు పోయినప్పుడు గీచిన పుస్తకము ప్రసిద్ధమైనది. అందలి గీతలు తొందరవి. తనకు గుర్తుగా నుంచుకొనినవే కాని యమ్ముటకు వ్రాసినవి కావు. ఇంటికి వచ్చిన పిదప వానిని ముందుంచుకొని, పైన వర్ణించిన కాగితములను నిదానముగా వ్రాసి, క్రిందిమూలను తన పేరులోని రెండక్షరములను సంవత్సరమును వేసి యమ్మెడివాడు. అట్లు వ్రాయునప్పుడు ఒక యూరి గోపురమును మఱియొక యూరి యొడ్డున నిలుపుటకు సందేహింపలేదు. యూట్రెక్ట్ పట్టణసమీపమున పెల్లెకుస్సెన్ ద్వారమను ప్రాతకట్టడ ముండెడిది. దానిని వాన్ గోయెన్ పలుమారులు వ్రాసెను. ఒకచో నది యేటికీవల, ఒకచో నావల. ఒకచో దానికి లేని గోడలును మొలచును. కాబట్టి యీ పల్లెలను పటమువలె పట్టుకొని దారి వెదకువాడు దారితప్పుట నిశ్చయము.

అట్లయిన నిది యసత్యమా? మేమట్లు తలపము. గోపురము కదలును గాని, రేవుమెట్టు నీటికెంత యెత్తున నుండవలెనో, నిండుపడవ యెంతలోతు మునుగునో, తడిసిన వలను లాగువాని నడుము ఏ చోట వంగునో, ఆ విషయములలో నాతని సుద్ద యెన్నడును బొంకదు. స్థలమును కల్పించినాడు, బ్రదుకును కల్పింపలేదు.

1678 లో సామ్యుయెల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ ప్రకటించిన చిత్రకళాగ్రంథమున నొక పందెపు కథ కలదు. ముగ్గురు చిత్రకారులు ఒక్క దినమున నొక్కొక్క చిత్రమును ముగింపవలెనని పందెము వేసికొనిరట. క్నిబ్బెర్గెన్ అనువాడు దస్తూరి తిరిగిన గుమాస్తా కాగితము నింపినట్లు ఆకాశమును, చెట్లను, కొండలను తడబాటు లేక కుంచెనుండి రాల్చెను. వాన్ గోయెన్ పలకపై నెల్లయెడల ముందుగా వెలుగును చీకటిని పూసి, ఆ కలగాపులగములోనుండి యిచట నొక యింటిని, అచట నొక పడవను వెదకి తీసెను. పోర్సెలిస్ మాత్రము చాలసేపు కుంచెను ముట్టక కూర్చుండి, చిత్రమునంతయు మనస్సులో కూర్చుకొని, అటుపిమ్మట వ్రాసి గెలుపొందెను. ఈ కథ వాన్ గోయెన్ చనిపోయిన 22 ఏండ్లకు అచ్చుపడినది కావున నక్షరాక్షరము నమ్మనక్కఱలేదు. హోగ్‌స్ట్రాటెన్ ఉద్దేశము స్పష్టము: ముందు ఆలోచింపుము, పిదప వ్రాయుము, చేతికంటె బుద్ధి గొప్పది. మేమీ తీర్పునకు తలయూపజాలము. మసకలోనుండి పడవను వెదకి తీయుట కాకతాళీయము కాదు. అచట పడవ యుండదగునని యెఱిగినవానికే అచట పడవ దొరకును. వేయి రేవులను చూచిన కన్ను చేతిలో నాలోచించుచున్నదే కాని, ఆలోచన మానివేయలేదు.

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఈ చిత్రములలోని ప్రశాంతతను గూర్చి చెప్పవలసినది ఇంకను ముఖ్యము. దానిని చూచి, ఇది యేమియు జరుగని దేశము, ఏమియు జరుగని కాలము అనుకొనువారు పొరబడుదురు.

హాలండులో చాలభాగము సముద్రమట్టమునకు దిగువ నున్న నేల. కరకట్టలు లేనిచో నా పల్లెలు లేవు. పెక్కు కాగితములలో నీటియంచున అడ్డముగా సాగు నల్లని పట్టె యా కరకట్టయే. ఇండ్లు దానిని పట్టుకొని నిలిచియుండును, బండ్లు దానిమీదనే నడచును. ఆ దేశపు ప్రాచీన న్యాయములలో, తన పాలికి వచ్చిన గట్టును బాగుచేయలేని రైతు తన పారను గట్టుమీద గ్రుచ్చి, భూమిని విడిచి పోవలసినదను నియమ మొకటి యుండెను. ఆ పారను పెఱికినవానికి భూమియు దక్కును, గట్టు బాధ్యతయు దక్కును. ఇంత కఠినమైన నియమము వేఱొకచోట క్రూరముగా తోచునేమో. అచట నొకని యశ్రద్ధకు ఊరంతయు మునుగును. ఈ గట్లనుకాచు సంఘములు రాజుల యానతిచే నేర్పడినవి మాత్రమే కావు. పొలముగలవారు తామే కూడి, పన్ను వేసికొని, అధికారుల నెన్నుకొని నడపుకొనినవియు పెక్కులు. చిత్రకారుని కాలమున నీ జలకార్యము మిక్కిలి విజృంభించెను. 1612 లో బెయెమ్‌స్టర్ సరస్సును నలుబదికి పైగా గాలిమరలతో తోడి పొలములుగా చేసిరి. 1629 లో ఆమ్‌స్టర్‌డామ్ నానుకొనియున్న డియెమర్ సరస్సును ఎండగట్టిరి. వాన్ గోయెన్ వ్రాసిన గాలిమర యలంకారము కాదు. దానికి పని యున్నది.

నీరు తన పాలిని మరల నడుగుటయు కలదు. 1421 నాటి వఱదలో డోర్‌డ్రెక్ట్ పట్టణప్రాంతమున పెక్కు పల్లెలు మునిగిపోయినవి. ఆ పట్టణమును వాన్ గోయెన్ నీటిమీదినుండి యెన్నిమారులో వ్రాసెను. అంత దూరము పోనేల? 1651 మార్చి నెలలో తుపాను వచ్చి ఆమ్‌స్టర్‌డామ్ సమీపమున సెయింట్ ఆంథోనీ కరకట్ట తెగినది. ఇరువదిరెండేండ్ల క్రిందట నెండగట్టిన డియెమర్ పొలములు మరల నీట మునిగినవి. ఆ సంవత్సరముననే వాన్ గోయెన్ తన చేతిపుస్తకముతో నచటికి పోయి, తెగిన గట్టును గీచుకొనెను. ఇతర చిత్రకారులును ఆ గండిని వ్రాసిరి. యాన్ అస్సెలిన్, విల్లెం స్కెల్లింక్స్ తైలవర్ణములలో నలలు, నురుగు, నల్లని మేఘములు చూపి చూపరులను భయపెట్టిరి. వాన్ గోయెన్ పుస్తకములోని గీతలు భయపెట్టవు. గట్టు ఎచట నున్నదో, ఎచట లేదో చూపును. అంతే.

ఇప్పుడు 1653 సంవత్సరపు చిత్రములను చూడవలెను. ఆ సంవత్సరపు తేదీగల కాగితములు ఆతని పనిలో మిక్కిలి విరివిగా నున్నవి. పడవలు, రేవులు, పల్లెలు, నిశ్చలమైన నీరు. గండిని చూచి వచ్చిన రెండేండ్లకు వ్రాసినవి యివి. అంతియకాదు, 1652 లో ఇంగ్లండుతో సముద్రయుద్ధ మారంభమై, 1653 ఆగస్టు 10 వ తేదీన, చిత్రకారుడు నివసించుచున్న హేగు నగరమునకు చేరువ సముద్రముననే పెద్దపోరు జరిగి, డచ్చి నౌకాసేనాని మార్టెన్ ట్రొంప్ హతుడయ్యెను. ఫిరంగులు మ్రోగుచున్న సంవత్సరమున నీతడు జాలరిని, వలను, నిండుపడవను వ్రాయుచు కూర్చుండెను.

దీనిని పలాయనమనవచ్చునా? అట్లు తలచుట సులభము. కాని తెగిన గట్టును కన్నులార చూచినవాడు మరల నిలిచిన గట్టును వ్రాసినప్పుడు ఆ నల్లని పట్టెకు అర్థము మాఱును. తుపానును వ్రాసినవారు ప్రకృతి బలమును చూపిరి. వాన్ గోయెన్ వ్రాసినది తుపాను లేనినాడు మనుష్యులు చేయుపని. పడవ నీటిలో స్థిరముగా నుండుట, ఇల్లు పొడిగా నుండుట, పశువు గట్టుమీద మేయుట, ఇవి యచట ప్రకృతి యిచ్చిన వరములు కావు. ప్రతియేటను మట్టి మోసి సంపాదించుకొనినవి. ఆ శాంతి ఖరీదు తెలిసిన చేయి కావుననే గీతలలో సోమరితనము లేదు. కరుణయో వీరమో ముఖములందు చూపిననేగాని రసము లేదనువారు, ఆ కాగితములలో గట్టెక్కడ నున్నదో వెదకిచూడవలెనని మా ప్రార్థన.

ఇంత చెప్పినను, దోషములను కప్పిపుచ్చుట విమర్శకుని పని కాదు. ఎనిమిదివందల చిత్రములలో నన్నియు నొక్క యెత్తున నుండుట యసంభవము. పదింటిని వరుసగా చూచినచో మూడింటిలో నదే పడవ, అదే యేటవాలు చెట్టు, ముందున్న నీడలో నదే కంచె కనబడును. అంగడికై వ్రాయువాడు అమ్ముడైన వస్తువును మరల చేయును. వాన్ గోయెన్‌కు డబ్బు అవసర మెప్పుడును తీరలేదు. చిత్రములు వ్రాయుటయే కాక వాని వ్యాపారమును, ఇండ్ల క్రయవిక్రయములును చేసెను. 1637 ఆరంభమున, తులిప్ దుంపల ధరలు ఆకాశమంటి కూలుటకు కొలదిదినముల ముందు, వేలంవెఱ్ఱిలో తానును దిగి నష్టపడెను. చనిపోవునప్పటికి 18,000 గిల్డర్ల యప్పు మిగిల్చెను. చౌకగా, త్వరగా వ్రాయవలసిన యక్కఱయే రంగులను తగ్గించి యాతని శైలిని తీర్చినదను మాటలో కొంత నిజమున్నది. ఆ యక్కఱయే కొన్ని కాగితములను పాడుచేసినదనుటయు నిజమే.

మఱియొక లోపమును చెప్పవలెను. ఈ చిత్రములలోని కూలివారు ఎన్నడును అలసియుండరు. జాలరి వల లాగును. వలలో చేపలు పడెనో లేదో, పడినవాని ధర యెవరి చేతిలోనిదో చిత్రమునకు పట్టదు. కొనువాడు పట్టణపు వర్తకుడు; గోడమీది పల్లె వానికి విశ్రాంతి. ఆ వర్తకుల ధనముతో మన తీరమునకును సంబంధము లేకపోలేదు. 1602 లో నేర్పడిన డచ్చి తూర్పిండియా కంపెనీ, 1606 లో గోలకొండ సుల్తాను అనుమతి నొంది మచిలీపట్టణమున వర్తకస్థానమును స్థిరపఱచుకొనెను. మన నేతగాండ్రు నేసిన బట్ట, మన యద్దకమువారు రంగులద్దిన బట్ట, తూర్పుదీవులకు పోయి సుగంధద్రవ్యములకు మారకమై, అవి హాలండు చేరి సొమ్మయ్యెను. వలందులన్న పేరు బందరులో వలందపాలెమున నేటికిని నిలిచియున్నది. వాన్ గోయెన్ కాగితమున సముద్రపు టోడలు మిక్కిలి దూరమున, గోరంత తెరచాపలుగా మాత్రమే కనబడును. ఆ దూరమును కొలుచు బాధ్యత యాతనిది కాదు. మనము కొలిచిన తప్పులేదు.

ఆ కాలముననే ఏటియొడ్డు పల్లెను వ్రాసిన మఱియొకని ప్రక్కన నుంచి చూచినగాని వాన్ గోయెన్ ప్రత్యేకత పూర్తిగా తెలియదు. రెంబ్రాంట్ 1645 లో రాగిరేకుపై గీచి యచ్చువేసిన 'ఓంవల్' చిత్రమున నొకప్రక్క ముదిమిచే పగిలిన విల్లో చెట్టు, దాని నీడలో దాగిన ప్రేయసీప్రియులు. ప్రియుడామె తలపై పూలదండ నుంచుచున్నాడు. మఱియొకప్రక్క, వెడల్పు టోపీ పెట్టుకొనిన మనుష్యుడొకడు మనకు వీపు చూపి నిలిచి, ఆమ్‌స్టెల్ నదిని చూచుచున్నాడు. ఆవలియొడ్డున ఓంవల్ పల్లెయిండ్లు, గాలిమర, పడవకొయ్యలు. చెట్టు బెరడు చేతికి తగులునట్లున్నది. ఆ ప్రియులెవరు, ఆ మనుష్యుడేల నిలిచెను, అని మనము తప్పక యడుగుదుము. అనగా రెంబ్రాంట్ పల్లెయందును కథను దాచినాడు. మొగలాయి చిత్రములను చూచి 1656, 1661 సంవత్సరముల నడుమ ఇరువదికి పైగా ప్రతులు గీచుకొనిన యా మహాకళావేత్తకు మనుష్యుని ముఖమును, నిలుకడను చూచు నాకలి యెన్నటికిని తీరలేదు. వాన్ గోయెన్‌కు ఆ యాకలి లేదు. మొదటివాని గొప్పదనమును రెండవవానియందు వెదకి, కానక, రెండవవానిని తక్కువజేయుట న్యాయము కాదు. గుండె కొట్టుకొనుట రెంబ్రాంట్ వద్ద వినబడును. వాన్ గోయెన్ వద్ద వినబడునది తెడ్డు నీటిలో పడు చప్పుడు.

ఫ్రిట్స్ లుగ్ట్ అను కళాపరిశోధకుడు ఆమ్‌స్టర్‌డామ్ చుట్టును తిరిగి, రెంబ్రాంట్ ఏ మలుపున నిలిచి యే యింటిని గీచెనో స్థలములతో పోల్చిచూచి, 1915 లో నొక పుస్తకమును ప్రకటించెను. వాన్ గోయెన్ పల్లెలకు అట్టి పుస్తకము వ్రాయబూనినవాని పాదములకు నొప్పియే మిగులును. గోపురము యూట్రెక్ట్ వైపున, రేవు డోర్‌డ్రెక్ట్ వైపున, చెట్టు మఱియొక చోటను దొరకును. ఆ మూడింటిని కలిపిన కరకట్టను మాత్ర మాతడు వెదకనక్కఱలేదు, దానిమీదనే నడచుచుండును.